అమెరికాలో రూట్ కెనాల్, క్యాప్ చేయించుకునే ముందు ఇన్సూరెన్స్ సంగతి తేల్చుకోండి

కొత్త ఉద్యోగంలో చేరగానే హెచ్ఆర్ వాళ్లు మెడికల్, డెంటల్, విజన్ అని మూడు రకాల ఇన్సూరెన్సులు చూపించి ఎంచుకోమంటారు. చాలామంది మెడికల్ ఒక్కటే జాగ్రత్తగా చదువుతారు. డెంటల్ ప్రీమియం తక్కువే కదా అని ఏదో ఒక ప్లాన్‌కి టిక్ పెట్టేసి మర్చిపోతారు. మళ్లీ అది గుర్తొచ్చేది దవడ పన్ను సలపడం మొదలయ్యాకే. దయచేసి అంతవరకు ఆగకండి, ఎందుకంటే ఇక్కడ డెంటల్ ఇన్సూరెన్స్ నడిచే తీరు మెడికల్‌కి పూర్తిగా వేరు. మెడికల్‌లో నెట్‌వర్క్ లోపల, అంటే ఇన్సూరెన్స్ కంపెనీతో రేటు ఒప్పందం ఉన్న డాక్టర్ల దగ్గర, మీ జేబులోంచి పెట్టాల్సిన ఖర్చుకి ఏడాదికి ఒక హద్దు ఉంటుంది, అది దాటితే మిగతాది వాళ్లే భరిస్తారు. డెంటల్‌లో హద్దు ఉండేది వాళ్లు ఇచ్చే డబ్బుకి. దాన్నే యాన్యువల్ మాక్సిమమ్ అంటారు, చాలా ప్లాన్లలో ఏడాదికి 1,000 నుంచి 2,000 డాలర్ల మధ్య ఉంటుంది. అది అయిపోయాక ఎంత పెద్ద పని పడినా ఖర్చంతా మీదే.

మామూలుగా కనిపించే లెక్క 100-80-50. క్లీనింగ్, చెకప్, ఎక్స్‌రేలకు నూరు శాతం, ఫిల్లింగ్ లాంటి బేసిక్ పనులకు 80, క్రౌన్, బ్రిడ్జ్, కట్టుడు పళ్ల లాంటి మేజర్ పనులకు 50. క్రౌన్ అంటే మనం క్యాప్ అనేదే. బేసిక్, మేజర్ పనులకి ముందు డిడక్టిబుల్ ఉంటుంది, అంటే వాళ్లు ఇవ్వడం మొదలుపెట్టేలోపు మీరు కట్టాల్సిన మొత్తం, సాధారణంగా మనిషికి 50 డాలర్లు. ఇక్కడ అందరూ చూడకుండా వదిలేసేది ఒకటుంది, రూట్ కెనాల్ ఏ వర్గంలోకి వస్తుందన్నది. కొన్ని ప్లాన్లు దాన్ని బేసిక్ అంటాయి, కొన్ని మేజర్ అంటాయి.

ఉదాహరణకి ఒక దవడ పన్నుకి నెట్‌వర్క్ రేటు ప్రకారం రూట్ కెనాల్ 1,100, క్యాప్ కింద పన్నును నిలబెట్టే కోర్ బిల్డప్ 250, క్యాప్ 1,000, మొత్తం 2,350 డాలర్లు అనుకుందాం. రూట్ కెనాల్ బేసిక్ అయితే 50 డిడక్టిబుల్ తీసేసి మిగిలిన 1,050లో 80 శాతం, అంటే 840 ఇస్తారు. మిగతా రెండింటికీ సగం చొప్పున 125, 500. యాన్యువల్ మాక్సిమమ్ అడ్డురాకపోతే మొత్తం వాళ్లది 1,465, మీది 885. అదే రూట్ కెనాల్ మేజర్ అయితే వాళ్లు ఇచ్చేది 1,150కి పడిపోతుంది, మీ వాటా 1,200 అవుతుంది. పన్ను అదే, డాక్టర్ అదే, ప్లాన్ పుస్తకంలో ఒక్క వరుస తేడా! పైగా క్లీనింగ్, ఎక్స్‌రేల ఖర్చు కూడా చాలా ప్లాన్లలో ఆ యాన్యువల్ మాక్సిమమ్‌లోంచే తగ్గుతుంది కాబట్టి ఈ ఏడాది ఇంకా ఎంత మిగిలి ఉందో ముందు కనుక్కోండి.

క్లినిక్‌కి ఫోన్ చేసి "మా ఇన్సూరెన్స్ తీసుకుంటారా?" అని అడిగితే దాదాపు అందరూ తీసుకుంటామనే అంటారు. ఆ మాటకి అర్థం మీ తరఫున క్లెయిమ్ పంపుతామని మాత్రమే. మీరు అడగాల్సింది "నా ప్లాన్‌కి మీరు ఇన్-నెట్‌వర్కా?" అని, ప్లాన్ పేరు పూర్తిగా చెప్పి. ఒకే కంపెనీకి రెండు మూడు నెట్‌వర్క్‌లు ఉంటాయి. నెట్‌వర్క్‌లో ఉన్న డాక్టర్ ఒప్పుకున్న రేటుకి మించి తీసుకోకూడదు, బయటి డాక్టర్‌కి ఆ కట్టుబాటు లేదు, ఇన్సూరెన్స్ లెక్కకి, ఆయన బిల్లుకి మధ్య ఎంత తేడా ఉంటే అంతా మీరే కట్టుకోవాలి. ఇంకో ఇబ్బంది ఏంటంటే, జనరల్ డెంటిస్ట్ నెట్‌వర్క్‌లోనే ఉన్నా, దవడ పన్ను కాబట్టి రూట్ కెనాల్‌కి ఎండోడాంటిస్ట్ దగ్గరకి పంపవచ్చు, ఆ స్పెషలిస్ట్ నెట్‌వర్క్‌లో లేకపోవచ్చు. ఆయన సంగతి మళ్లీ విడిగా అడగాల్సిందే.

ఈ మొత్తంలో ఒక్క పని మాత్రమే చేసే ఓపిక ఉంటే ప్రీ-డిటర్మినేషన్ పంపించమని అడగండి. పన్ను ముట్టుకోకముందే డాక్టర్ తన ట్రీట్‌మెంట్ ప్లాన్‌ను, ఎక్స్‌రేలతో సహా ఇన్సూరెన్స్‌కి పంపితే, ఏ పనికి ఎంత ఇస్తారో వాళ్లు రాతపూర్వకంగా చెబుతారు. క్లినిక్ వాళ్లు కంప్యూటర్‌లో చూసి ప్రింట్ తీసిచ్చే ఎస్టిమేట్ వాళ్ల అంచనా మాత్రమే, రేపు తేడా వస్తే మీ చేత సంతకం చేయించుకున్న కాగితం చూపిస్తారు. ప్రీ-డిటర్మినేషన్ కూడా డబ్బు వస్తుందన్న గ్యారంటీ కాదు, మధ్యలో మాక్సిమమ్ అయిపోయినా, ఉద్యోగం మారినా లెక్క మారుతుంది, అయినా చేతిలో ఉండాల్సిన కాగితం అదే. జవాబు రావడానికి కొన్ని వారాలు పట్టవచ్చు, కాబట్టి డాక్టర్ "క్యాప్ వేయాలి" అన్న రోజే అడిగేయండి.

అది వచ్చాక కింద మొత్తం చూసి పక్కన పెట్టకండి, వరుసలు చదవండి. ప్రతి పనికీ ఒక కోడ్ ఉంటుంది, అమెరికా అంతటా అవే కోడ్‌లు. డీ3330 అంటే దవడ పన్ను రూట్ కెనాల్, డీ2950 కోర్ బిల్డప్, డీ2740 సిరామిక్ క్యాప్. పక్కనే పంటి నంబర్ ఉంటుంది. ఇక్కడ పళ్లను పై కుడివైపు చివరి పన్ను దగ్గర 1తో మొదలుపెట్టి, పై వరుసలో ఎడమ చివర 16, కింద ఎడమ చివర 17, కింద కుడి చివర 32 వరకు లెక్కపెడతారు. అంటే కింద కుడివైపు మొదటి పెద్ద దవడ పన్ను 30, ఎడమవైపుది 19. మీకు నొప్పి ఎడమవైపు ఉండి కాగితం మీద 30 అని ఉంటే అక్కడే ఆపి అడగాలి, తప్పు నంబర్‌తో వెళ్లిన క్లెయిమ్ తిరిగొస్తుంది.

ఆ వరుసల్లోనే కొన్ని షరతులు బయటపడతాయి. సొంతంగా కొన్న ప్లాన్లలో మేజర్ పనులకి ఆరు నెలలో, ఏడాదో వెయిటింగ్ పీరియడ్ ఉండటం మామూలే. కంపెనీ ప్లాన్లలో చాలావాటికి ఉండదు, కానీ అడిగి తెలుసుకోండి. ప్లాన్‌లో చేరకముందే ఊడిపోయిన పన్ను స్థానంలో ఇంప్లాంట్‌కో, బ్రిడ్జ్‌కో డబ్బు ఇవ్వబోమనే మిస్సింగ్ టూత్ క్లాజ్ కొన్నిటిలో ఉంటుంది, ఇండియాలో పన్ను తీయించుకుని వచ్చినవాళ్లకి ఇది తగులుతుంది. పాత క్యాప్ మార్చాలంటే అది వేసి ఐదేళ్లో, ఇంకా ఎక్కువో అయి ఉండాలంటారు, కాబట్టి ఇండియాలో వేయించుకున్న క్యాప్ తేదీ తెలిసే కాగితం ఏదైనా ఉంటే తెచ్చిపెట్టుకోండి. ఇక డౌన్‌గ్రేడ్: వెనక పంటికి సిరామిక్ క్యాప్ వేస్తే కొన్ని ప్లాన్లలో మెటల్ క్యాప్ రేటు మీద సగం ఇచ్చి ఊరుకుంటారు, తేడా మీరు కట్టాలి. దీని గురించి క్లినిక్ వాళ్లు ముందుగా చెప్పడం అరుదు.

అయితే ఈ కాగితాల కోసం చీము పట్టిన పన్నును నానబెట్టకండి. నొప్పి, వాపు ఉంటే ముందు డెంటిస్ట్‌కి చూపించుకుని ఇన్‌ఫెక్షన్ తగ్గించుకోవాలి. క్యాప్ లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. వాపు మెడ వైపు దిగుతున్నా, మింగడమో ఊపిరి తీసుకోవడమో కష్టమవుతున్నా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. అక్కడ రూట్ కెనాల్ చేయరు, కానీ ప్రాణం మీదకి రాకుండా చూస్తారు, ఆ బిల్లు సాధారణంగా మెడికల్ ఇన్సూరెన్స్ కిందకి వెళ్తుంది.

పని అయ్యాక ఇన్సూరెన్స్ నుంచి ఈఓబీ వస్తుంది. అది బిల్లు కాదు, ఎంత అడిగారు, ఎంత ఒప్పుకున్నారు, మీ వాటా ఎంత అన్న వివరం. క్లినిక్ బిల్లు వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి మీ వాటా కలిసిందా చూడండి, కలవకపోతే కలిసేదాకా కట్టకండి. పని రోజే ఎక్కువ కట్టించుకుని ఉంటే ఆ తేడా వెనక్కి అడగండి, అడగకపోతే ఖాతాలో క్రెడిట్‌గా అలాగే ఉండిపోతుంది.

క్లెయిమ్ తిరస్కరిస్తే కంగారుపడి వెంటనే కార్డు తీయకండి. బిల్డప్‌ని క్యాప్‌లో భాగమే అనడం, ఎక్స్‌రేలో క్యాప్ అవసరం కనిపించలేదనడం తరచూ వినిపించే కారణాలు. ఫోన్‌లో వాదించి లాభం లేదు. పన్ను ఎంత విరిగింది, గోడలు ఎన్ని మిగిలాయి, ఫిల్లింగ్ ఎందుకు సరిపోదు అన్నది డాక్టర్ చేత రాయించి, ఎక్స్‌రే, పని మొదలుపెట్టక ముందు తీసిన నోటి ఫోటో జతచేసి రాతపూర్వకంగా అప్పీల్ చేయాలి. ఆ ఫోటో తీయమని మీరే ముందు అడగండి, పన్ను అరగదీశాక ఇక సాక్ష్యం ఉండదు. ప్రైవేటు కంపెనీల ఉద్యోగుల ప్లాన్లకి అప్పీల్ గడువు సాధారణంగా తిరస్కరణ అందిన రోజు నుంచి 180 రోజులు. అక్కడా కాదంటే, కంపెనీయే సొంతంగా డబ్బు పెట్టి నడిపే ప్లాన్ అయితే అమెరికా కేంద్ర కార్మిక శాఖకి, ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి కొన్న ప్లాన్ అయితే మీ రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖకి ఫిర్యాదు చేయొచ్చు. మీది ఏ రకమో హెచ్ఆర్ చెబుతుంది.

డబ్బు సర్దుకునే దారులు కొన్ని ఉన్నాయి. ప్లాన్ ఏడాది జనవరిలో మొదలయ్యేదైతే, డిసెంబర్‌లో రూట్ కెనాల్, జనవరిలో క్యాప్ చేయించుకుంటే రెండేళ్ల మాక్సిమమ్ వాడుకోవచ్చు, కాకపోతే రూట్ కెనాల్ చేసిన దవడ పన్ను పెళుసుగా ఉంటుంది, ఎన్ని రోజులు ఆగొచ్చో డాక్టర్ మాటే వినండి. క్యాప్‌కి కొన్ని ప్లాన్లు పన్ను అరగదీసిన తేదీని, కొన్ని క్యాప్ అతికించిన తేదీని లెక్కలోకి తీసుకుంటాయి, అదీ అడగాలి. పెద్ద పని ఉందని ముందే తెలిస్తే ఎఫ్ఎస్ఏలో, అంటే జీతంలోంచి ట్యాక్స్ పడకుండా వైద్య ఖర్చులకి పక్కన పెట్టే ఖాతాలో పెట్టుకోండి, 2025లో దాని పరిమితి 3,300 డాలర్లుగా ఉండేది, ఏడాదికి మీరు ఒప్పుకున్న మొత్తం మొదటి రోజు నుంచే వాడుకోవచ్చు. హెచ్ఎస్ఏ (వైద్య ఖర్చుల పొదుపు ఖాతా) ఉన్నవాళ్లకి పళ్లకీ కళ్లకీ పనికొచ్చే లిమిటెడ్ పర్పస్ ఎఫ్ఎస్ఏ వేరే ఉంటుంది.

పని మధ్యలో ఉండగా ఉద్యోగం పోతే, వీసా టెన్షన్‌లో పంటి సంగతి ఎవరికీ గుర్తుండదు. 20 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీ అయితే కోబ్రా అనే చట్టం కింద అదే ప్లాన్ కొనసాగించుకునే హక్కు ఉంటుంది, నిర్ణయానికి కనీసం 60 రోజుల గడువిస్తారు. డెంటల్ విడి ప్లాన్ అయితే మెడికల్ వద్దనుకుని అదొక్కటే తీసుకోవచ్చు, పూర్తి ప్రీమియం మీరే కట్టాల్సి వచ్చినా తాత్కాలిక క్యాప్‌తో ఉన్నవాళ్లకి అసలు క్యాప్ పడేదాకా కట్టడం ఎక్కువసార్లు లాభమే. కోబ్రా లేఖ పాత ఇంటి అడ్రస్‌కి పోతుంది, ఇల్లు మారుతుంటే హెచ్ఆర్‌కి కొత్త అడ్రస్ ఇచ్చి వెళ్లండి.