ఎండలు ముదరకముందే కట్టుడు పళ్ల జాగ్రత్తలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. విజయవాడ, గుంటూరు ఎండలకు కట్టుడు పళ్లు పగలకపోవచ్చు గానీ, వేడి తగిలితే వంగుతాయి. ఆ వంపు కంటికి కనిపించదు. పెట్టుకున్నాక ఒక పక్క కదులుతూ, చిగురు ఒరుసుకుని పుండు పడ్డాక తెలుస్తుంది. వంగినదాన్ని ఇంట్లో సరిచేయలేం. పిల్లలు పెట్టుకునే అలైనర్లు (పళ్ల వరుస సరిచేసే తొడుగులు), రిటైనర్లు (సరిచేసిన వరుస చెదరకుండా ఉంచేవి) మరీ పల్చన కాబట్టి వాటికి ఇంకా భయం.

ముందుగా చూసుకోవాల్సింది కుళాయి నీళ్లనే. మే నెల మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీళ్లు చేతికి చురుక్కుమంటాయి. భోజనం చేసి పళ్ల సెట్టు కడుక్కునేదీ సరిగ్గా ఆ వేళకే. పొద్దున్నే ఒక చెంబెడు నీళ్లు పట్టి నీడన పెట్టుకోండి. క్రిములు చస్తాయని మరిగే నీళ్లు పోయడం ఏ కాలంలోనూ తగదు. ఎండలో ఆరబెట్టడమూ వద్దు. ఆగి ఉన్న కారులో డ్యాష్‌బోర్డు వేడి 70 డిగ్రీల దాకా పోతుంది. పళ్ల సెట్టు దాచుకునే డబ్బాను అక్కడ వదిలి దిగకండి.

కడిగేటప్పుడు సింకులో తువ్వాలు మడతపెట్టి పరవండి, లేదా సగం నీళ్లు నింపండి. సబ్బు రాసిన సెట్టు చేపలా జారుతుంది. గ్రానైట్ గట్టు మీద పడితే రెండు ముక్కలే. మెత్తటి బ్రష్, గాఢత లేని ద్రవ సబ్బు చాలు. టూత్‌పేస్టు, పళ్లపొడి, ఉప్పు వద్దు. వాటి గరుకుకు సన్నటి గీతలు పడి, పాచి వాటిలోనే దాక్కుంటుంది. చాలామంది బయటికి కనిపించే పళ్లను తళతళలాడేలా తోమి, అంగిలికి ఆనే లోపలి వైపును వదిలేస్తారు. అసలు తోమాల్సింది అక్కడే. శుభ్రం చేసే బిళ్లలను గిన్నెలోని నీళ్లలో వేయాలి తప్ప నోట్లో కాదు; నానిన సెట్టును బాగా కడిగాకే పెట్టుకోవాలి. లోహపు కొక్కేలున్న సెట్టుకు బ్లీచ్ తగలనివ్వకండి.

ఇది కొత్త ఆవకాయ కాలం కూడా. ఆవపిండి, కారం నూనెతో కలిసి సెట్టు కిందికి చేరితే ఎండిన నోటికి మంట రెట్టింపవుతుంది. తిన్న వెంటనే తీసి కడిగి, నోరు పుక్కిలించండి. నీళ్లు తరచూ తాగండి. అలైనర్లు ఉన్నవారు సుగంధి సోడా, చెరకు రసం తాగే ముందు వాటిని తీసేయాలి. లేకపోతే తీపి వాటికీ పంటికీ మధ్యనే నిలిచిపోతుంది. పెళ్లి భోజనాల దగ్గర తీసి కాగితంలో చుట్టిపెడితే ఎంగిలి విస్తరితో పాటే పోతాయి. జేబులో డబ్బా ఉండాలి.

రాత్రి కట్టుడు పళ్లు తీసి, మూత ఉన్న గిన్నెలో చల్లటి నీళ్లలో ఉంచండి. నీళ్లు రోజూ మార్చండి. పెద్దవాళ్లు తీయడానికి మొహమాటపడతారు, ఓపికగా చెప్పండి. జపాన్‌లో 85 ఏళ్లు దాటిన వృద్ధులపై జరిగిన అధ్యయనం 2015లో వెలువడింది. పళ్లు పెట్టుకునే నిద్రపోయేవారిలో న్యుమోనియా ముప్పు రెట్టింపుకు పైగా కనిపించిందని అది చెప్పింది.

సెట్టు వదులైనా, పగిలినా ఇంట్లో జిగురుతో అతికించకండి, ఆకురాయితో అరగదీయకండి. అంగిలి ఎర్రబడినా, తెల్లటి పూత వచ్చినా, పుండు రెండు వారాల్లో మానకపోయినా దంత వైద్యుణ్ని కలవండి. విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు సెట్టును తడి గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టుకుని, ఎండెక్కకముందే బయల్దేరండి.