పోనంటూ మొండికేసే ఫైళ్లు, ఫోల్డర్లు: మా మరిదికి ఫోన్‌లో చెప్పే వరుస

ఆషాఢం వచ్చిందంటే నాకు కంప్యూటర్ శుభ్రం చేసుకునే నెల. పెళ్లిళ్లు ఉండవు, ఆల్బమ్ పనీ ఉండదు. తెనాలిలో మా ఇంటి ముందు గదిలోనే కూర్చుని స్టూడియో వాళ్లకు పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసిస్తాను. ఫొటోలు, వీడియోలు, నేను డిజైన్ చేసిన ఆల్బమ్ పేజీలు (షీట్లంటాం) కలిపితే ఒక్కో పెళ్లి వంద జీబీ దాటిపోతుంది. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా వచ్చిన పనంతా చేరేసరికి రెండు టీబీల డిస్క్ నిండిపోయి ఎర్రగీత చూపిస్తుంది. పార్టీ డబ్బు కట్టేసి ఆల్బమ్ తీసుకెళ్లిపోయిన పెళ్లిళ్లన్నీ తీసేద్దామని కూర్చుంటే, ప్రతి ఏడూ నాలుగైదు ఫోల్డర్లు మాత్రం కదలనే కదలవు.

మా మరిదికి స్టూడియో ఉంది. వాడికీ ఇదే బాధ. "వదినా, ఎన్నిసార్లు డిలీట్ కొట్టినా పోవట్లేదు, ఫార్మాట్ చేసెయ్యనా?" అని ఫోన్ చేస్తాడు. ఒక్క ఫోల్డర్ కోసం డిస్క్ మొత్తం ఫార్మాట్ చేయాల్సిన పని లేదు. వాడికి ఏ వరుసలో చెబుతానో అదే వరుసలో ఇక్కడ రాస్తున్నాను. విండోస్ 10కైనా 11కైనా ఇదే పద్ధతి.

అన్నిటికంటే ముందు, వచ్చిన బాక్స్‌లో ఏముందో చదవండి. చాలామంది చదవకుండా క్యాన్సిల్ కొట్టి మళ్లీ డిలీట్ నొక్కుతుంటారు. "ఫైల్ ఇన్ యూజ్" అంటే ఆ ఫైల్‌ని ఏదో ప్రోగ్రామ్ పట్టుకుని ఉందని. "యాక్సెస్ డినైడ్", "పర్మిషన్" అన్న మాటలుంటే ఆ ఫైల్ మీద మీకు హక్కు లేదని. పేరు మరీ పొడుగైందన్నా, కళ్లముందే ఉన్న ఫోల్డర్‌ని "కుడ్ నాట్ ఫైండ్ దిస్ ఐటమ్" అన్నా తేడా పేరులో ఉంది. జబ్బును బట్టే మందు. ఒకదానికి పనిచేసింది ఇంకోదానికి పనిచేయదు.

ఎక్కువసార్లు వచ్చేది మొదటిదే. ఎవరు పట్టుకున్నారో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. వీడియో పాజ్‌లో పెట్టి, ప్లేయర్‌ని కిందకు దించి మర్చిపోయి ఉంటారు. పీడీఎఫ్ ఎక్కడో తెరిచి ఉంటుంది. కమాండ్లు టైప్ చేసే నల్లటి కమాండ్ విండో ఆ ఫోల్డర్‌లోనే నిలబడి ఉన్నా ఫోల్డర్ పోదు. యాంటీవైరస్ అదే సమయంలో దాన్ని స్కాన్ చేస్తూ ఉండొచ్చు, ఐదు నిమిషాలు ఆగితే వదిలేస్తుంది. చాలామందికి తట్టనిది ఇంకోటుంది. ఫోల్డర్ విండోలో కుడివైపు బొమ్మ చూపించే ప్రివ్యూ పేన్. ఫైల్ మీద ఒక్క క్లిక్ చేయగానే ప్రివ్యూ కోసం విండోసే దాన్ని తెరుస్తుంది. తీసేయబోయే ఫైల్‌ని తనే పట్టుకుని, వాడకంలో ఉందని తనే చెబుతుంది. ఆల్ట్, పి కలిపి నొక్కితే ఆ పేన్ మూసుకుంటుంది. సగం పాడైన వీడియో ఫైళ్లు నాకు ఎక్కువగా ఇలాగే పోయాయి.

అయినా పోకపోతే రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే. ఈ రెండూ ఒకటే అనుకుని నేను చాలా రోజులు తిప్పలు పడ్డాను. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనేది వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ లోపలి భాగం పూర్తిగా ఆగదు. అప్పటి స్థితిని డిస్క్‌లో దాచుకుని, ఆన్ చేయగానే అక్కడి నుంచే లేస్తుంది. రీస్టార్ట్ చేస్తేనే అన్నీ మొదటి నుంచి మొదలవుతాయి. లేవగానే ఇంకేదీ తెరవకుండా నేరుగా వెళ్లి డిలీట్ చేయండి.

పని మధ్యలో రీస్టార్ట్ కుదరకపోతే ఎవరు పట్టుకున్నారో వెతకొచ్చు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన బాక్స్‌లో ఆర్, ఈ, ఎస్, ఎమ్, ఓ, ఎన్ అని ఇంగ్లిష్‌లో కొట్టి ఎంటర్ చేస్తే రిసోర్స్ మానిటర్ తెరుచుకుంటుంది. అందులో సీపీయూ ట్యాబ్‌కి వెళ్లండి. "అసోసియేటెడ్ హ్యాండిల్స్" దగ్గర వెతికే డబ్బా ఉంటుంది. ఫోల్డర్ పేరులో ఒక ముక్క అక్కడ కొడితే, దాన్ని పట్టుకున్న ప్రోగ్రామ్ పేరు కిందకు వస్తుంది. ఆ ప్రోగ్రామ్‌ని మామూలుగా మూసేయండి. మూసుకోకపోతే దాని మీద రైట్ క్లిక్ చేసి ఎండ్ ప్రాసెస్ కొట్టండి. కాకపోతే అక్కడ "సిస్టమ్" అనో "ఎస్‌వీసీహోస్ట్" అనో కనిపిస్తే ముట్టుకోవద్దు, రీస్టార్టే మేలు. మైక్రోసాఫ్ట్ వాళ్లే ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో ఫైల్ లాక్‌స్మిత్ అని ఒకటుంది. అది పెట్టుకుంటే ఫోల్డర్ మీద రైట్ క్లిక్‌లోనే ఈ వివరం దొరుకుతుంది. మొండి ఫైళ్లు తీసేస్తామంటూ నెట్‌లో కనిపించే ప్రతి సాఫ్ట్‌వేర్‌నీ దించుకోవద్దు. ఒకటి దించితే దాని వెంట అడగనివి ఇంకో రెండు దిగుతాయి.

పర్మిషన్ గొడవ ఎక్కువగా పాత కంప్యూటర్ నుంచి తీసి పెట్టుకున్న డిస్క్‌లో వస్తుంది. ఆ ఫైళ్లకి ఓనర్‌గా పాత విండోస్‌లోని యూజరే ఉంటాడు. కొత్త విండోస్‌లో మీ పేరు అదే అయినా దాని లెక్కలో మీరు వేరే మనిషి. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్. పైన ఓనర్ పక్కన "ఛేంజ్" ఉంటుంది. అది నొక్కి మీ యూజర్ పేరు కొట్టి, "చెక్ నేమ్స్" నొక్కండి. ఓకే చేశాక ఓనర్ కిందే "రీప్లేస్ ఓనర్ ఆన్ సబ్‌కంటైనర్స్" అని చిన్న డబ్బా వస్తుంది. అక్కడ టిక్ మర్చిపోతే పై ఫోల్డర్ ఒక్కటే మీదవుతుంది, లోపలివన్నీ పాత ఓనర్ పేరు మీదే ఉంటాయి. అప్లై చేసి, అన్నీ మూసి, మళ్లీ సెక్యూరిటీలోకి వెళ్లి మీ పేరుకి ఫుల్ కంట్రోల్ ఇవ్వండి. ఇదంతా మీ సొంత ఫోల్డర్లకే. సి డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్ మీద ఎప్పుడూ చేయకండి.

ఇక పేరు పొడుగైన గొడవ. మా పనిలో అసలు తలనొప్పి ఇదే. డ్రైవ్ అక్షరం దగ్గర్నుంచి ఫైల్ పేరు చివరిదాకా మొత్తం దారి 260 అక్షరాలకు మించకూడదని విండోస్‌లో పాత లెక్క ఒకటుంది. స్టూడియో వాళ్లేమో ఒక ఫోల్డర్‌కి పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురు పేరు, తేదీ, కల్యాణ మండపం, ఊరు అన్నీ పెడతారు. దాని లోపల హల్దీ, సంగీత్, ముహూర్తం, అప్పగింతలు. వాటి లోపల సెలక్షన్, ఫైనల్, మళ్లీ ఫైనల్. ఎవరో పై ఫోల్డర్ పేరు ఇంకాస్త పెంచగానే లోపలి ఫైళ్ల దారి 260 దాటిపోతుంది.

దీనికి కమాండ్లు అక్కర్లేదు. పై ఫోల్డర్ పేరుని రీనేమ్ చేసి 1 అని పెట్టండి. దాని లోపలిదానికి 2, ఆ లోపలిదానికి 3. దారి చిన్నదైపోతుంది, మామూలుగానే డిలీట్ అవుతుంది. మరీ లోతుగా ఉంటే ఫైళ్లని జిప్ చేసే సెవెన్ జిప్ సాఫ్ట్‌వేర్ ఉంది కదా, దాని ఫైల్ మేనేజర్ తెరిచి, అందులోంచి షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కండి. పొడుగు దారులు దానికి లెక్కలోకి రావు.

కమాండ్ల గురించి ఇంత భయంగా ఎందుకు చెబుతున్నానంటే, నాకు ఒకసారి జరిగింది. డి డ్రైవ్‌లో "వెడ్డింగ్" అని ఆ సీజన్ పని, "వెడ్డింగ్ ఓల్డ్" అని పాత పని, రెండు ఫోల్డర్లుండేవి. పాతది పోవట్లేదని కమాండ్ విండోలో ఫోల్డర్ తీసేసే ఆర్‌డి కమాండ్, లోపలివన్నీ కలిపి తీసేయమనే స్లాష్ ఎస్, స్లాష్ క్యూ పెట్టి, ఫోల్డర్ పేరు కొట్టి ఎంటర్ చేశాను. పేరుకి అటూ ఇటూ డబుల్ కోట్స్ పెట్టలేదు. మధ్యలో ఖాళీ ఉంది కాబట్టి అది దాన్ని రెండు పేర్లుగా చదువుకుంది. "వెడ్డింగ్" అనే ఫోల్డర్‌ని అడక్కుండా తుడిచేసి, "ఓల్డ్" అనేది కనపడలేదని చెప్పింది. స్లాష్ క్యూ అంటేనే అడక్కు అని. కమాండ్‌తో తీసేసింది రీసైకిల్ బిన్‌లోకి కూడా రాదు. ఫొటోలు స్టూడియోలో ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. నేను చేసిన ముప్పై ఎనిమిది షీట్లు మాత్రం పోయాయి. రిసెప్షన్‌కి ఆల్బమ్ ఇస్తానని మాటిచ్చాను. తొమ్మిది రాత్రులు కూర్చుని మళ్లీ చేశాను. ఆ పెళ్లికూతురు ఆల్బమ్ తిరగేస్తుంటే నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

అందుకే కమాండ్ వాడాల్సిన చోటు నాకు ఒక్కటే మిగిలింది. వేరే రకం కంప్యూటర్ నుంచి వచ్చిన ఫోల్డర్లకి ఒక్కోసారి పేరు చివర ఖాళీయో చుక్కో ఉంటుంది. విండోస్ ఆ చివరి ఖాళీని వదిలేసి వెతుకుతుంది, అలాంటి ఫోల్డర్ లేదంటుంది. రీనేమ్ కూడా కాదు. అప్పుడు ఇలా కొట్టాలి: ఆర్‌డి, స్పేస్, స్లాష్ ఎస్, స్పేస్, డబుల్ కోట్స్ మొదలు, తర్వాత ఈ నాలుగు గుర్తులు \\?\ వరుసగా, ఆ వెంటనే డ్రైవ్ అక్షరం నుంచి పూర్తి దారి, చివర ఆ ఖాళీయో చుక్కో ఉన్నది ఉన్నట్టుగా, డబుల్ కోట్స్ ముగింపు. ఆ నాలుగు గుర్తులు ఉంటే విండోస్ పేరుని సవరించకుండా మీరు కొట్టింది కొట్టినట్టే తీసుకుంటుంది. స్లాష్ క్యూ పెట్టకండి. "ఆర్ యూ ష్యూర్" అని అడుగుతుంది. ఎంటర్ కొట్టేముందు పేరు పైకి చదవండి. మా మరిది చేత నాకు ఫోన్‌లో చదివించుకుంటాను.

పెన్‌డ్రైవ్, మెమరీ కార్డ్ అయితే ముందు కార్డ్ పక్కనున్న చిన్న లాక్ చూడండి, కిందకు జరిగి ఉంటే ఏదీ డిలీట్ అవదు. పేర్లు పిచ్చి అక్షరాల్లోకి మారిపోతే ఫైల్ సిస్టమ్ దెబ్బతిందని అర్థం. కావాల్సినవి కాపీ చేసుకున్నాకే ప్రాపర్టీస్, టూల్స్, చెక్ నొక్కండి.

సి డ్రైవ్‌లో పెద్దగా కనిపించే "విండోస్ డాట్ ఓల్డ్" ఫోల్డర్‌తో కుస్తీ పట్టకండి. డిస్క్ క్లీనప్‌లో "క్లీన్ అప్ సిస్టమ్ ఫైల్స్" నొక్కి, "ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్" టిక్ చేస్తే పోతుంది. కొత్త విండోస్ నచ్చకపోతే పాతదానికి వెనక్కి వెళ్లే దారి అదే కాబట్టి, కొత్తదాంతో పని సాఫీగా సాగుతోందని చూసుకున్నాకే తీయండి.

ఇవేవీ పనిచేయకపోతే సేఫ్ మోడ్. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, మళ్లీ రీస్టార్ట్, తర్వాత 4. అక్కడ అవసరమైనవి తప్ప వేరే ప్రోగ్రామ్‌లు లేవవు, ఫైల్‌ని పట్టుకునేవాళ్లు ఉండరు. నాకు మొన్న ఆషాఢంలో ఆఖరి ఫోల్డర్ అక్కడే పోయింది. రీసైకిల్ బిన్ ఖాళీ చేసి చూస్తే ఎర్రగీత నీలంలోకి తిరిగింది. శ్రావణం మొదటి పెళ్లికి ఫోల్డర్ తెరిచి, పేరు నాలుగంకెలే పెట్టాను.