పాత గేమ్ కన్సోళ్ల పోటీని తూకం వేయడం ఎలా?

అనంతపురంలో తొంభయ్యో దశకంలో పెరిగిన మావంటివారికి టీవీ గేమ్ అనగానే పసుపు రంగు క్యాసెట్టు దూర్చి ఆడిన నకిలీ యంత్రమే కళ్లముందు మెదులుతుంది. అది 1983లో జపాన్‌లో వెలువడిన నింటెండో కంపెనీ గేమ్ యంత్రం ఫ్యామికామ్‌కు నకలు. 1994 డిసెంబరులో సోనీ వారి ప్లేస్టేషన్ వచ్చిన తరువాత కూడా ఏళ్ల తరబడి మా వీధుల్లో ఆ పాతదే రాజ్యమేలింది. ఎందుకంటే దాని ధర ఇంటివారు భరించగలిగేది, దాని క్యాసెట్లు పక్కింటి పిల్లలతో మార్చుకోగలిగేవి. కన్సోళ్ల, అంటే ఇలాంటి గేమ్ యంత్రాల, జయాపజయాలను పరిశీలించదలచినవారు ధర ఎంత, ఆటలు ఎంత సులువుగా దొరుకుతాయి అన్న ఈ రెండు ప్రశ్నలతోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

ముందుగా ఒకే కాలపు యంత్రాలను ఎంచుకొని, ఒక పట్టికలో ప్రాసెసర్ వేగం పక్కనే ధరను కూడా రాసుకోండి. వేగం ఒక్కటే చూస్తే పొరపాటు పడతాము: నింటెండోకు పోటీ కంపెనీ అయిన సెగా వారి మెగా డ్రైవ్ ప్రాసెసర్ దాదాపు 7.6 మెగాహెర్ట్జ్, సూపర్ నింటెండోది 3.58, కానీ తెరపై చూపగల రంగుల విషయంలో రెండవదే మిన్న.

తరువాత, ఆ శక్తికి ఆడేవాడు చెల్లించిన మూల్యమేమిటో చూడండి. దీనికి చేతిలో పట్టుకొని ఆడే నింటెండో గేమ్ బాయ్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. 1989లో వచ్చిన ఆ యంత్రం తెరపై నాలుగే ఛాయలు కనిపించేవి, కానీ నాలుగు పెన్సిల్ సెల్లతో పది గంటలకు పైగా నడిచేది. 1990లో వచ్చిన సెగా గేమ్ గేర్ రంగుల తెరతో మెరిసినా, ఆరు సెల్లను మూడు నుంచి ఐదు గంటల్లో తాగేసేది. గేమ్ బాయ్, దాని కలర్ రూపం కలిపి 11.8 కోట్లకు పైగా అమ్ముడుపోగా, గేమ్ గేర్ సుమారు కోటి దగ్గరే ఆగింది.

మూడవది, ఆటలు తయారుచేసేవారికి ఆ యంత్రం ఎంత అనుకూలమో పరిశీలించండి. ఇక్కడే ఎక్కువ సమయం వెచ్చించాలి. సెగా శాటర్న్‌లో రెండు ప్రధాన ప్రాసెసర్లు ఉన్నా, రెండింటినీ ఒకేసారి పనిచేయించడం ప్రోగ్రామర్లకు కష్టమైంది. పైగా 1995లో అమెరికాలో అది 399 డాలర్లు, ప్లేస్టేషన్ 299. ఇక 1996లో వచ్చిన నింటెండో 64 ప్రాసెసర్ ప్లేస్టేషన్ కంటే బలమైనదే, కానీ క్యాసెట్టులో పట్టేది గరిష్ఠంగా 64 మెగాబైట్లు, సీడీలో 650. అందుకే ఫైనల్ ఫాంటసీ 7 అనే పెద్ద ఆట 1997లో మూడు సీడీలుగా ప్లేస్టేషన్‌పై వెలువడింది. నింటెండో 64 అమ్మకాలు 3.29 కోట్లు, ప్లేస్టేషన్‌వి 10 కోట్లు దాటాయి.

ప్లేస్టేషన్ 2, ఎక్స్‌బాక్స్‌ల లెక్క తేలిక: 294 మెగాహెర్ట్జ్ ప్లేస్టేషన్ 2, 733 మెగాహెర్ట్జ్ ఎక్స్‌బాక్స్‌ను ఎన్నో రెట్ల అమ్మకాలతో దాటింది. డీవీడీలు చూపడం, పాత ప్లేస్టేషన్ ఆటలు నడపడం, ఏడాదికి పైగా ముందుగా రావడం ప్లేస్టేషన్ 2కు కలిసివచ్చాయి.

అయితే ముందుగా రావడమే చాలదు కనుక, తయారీదారు ఆర్థిక స్థితిని కూడా చివరి గడిలో నమోదు చేయండి. ప్లేస్టేషన్ 2 కంటే ముందే, 1998లో జపాన్‌లో విడుదలైన సెగా డ్రీమ్‌కాస్ట్, ఇంటర్నెట్‌కు కలిపే మోడెమ్‌తో సహా వచ్చి, తన కాలానికి ఎంతో శక్తిమంతంగా నిలిచింది. కానీ అప్పటికే నష్టాల్లో ఉన్న సెగా 2001లో దాని తయారీని ఆపివేసింది.