బ్యాంకు అన్యాయంగా ఛార్జీలు వేస్తే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం ఎలా?

పాస్‌బుక్ ప్రింట్ వేయించుకుంటే 590 రూపాయల కోత కనిపిస్తుంది. మినిమమ్ బ్యాలెన్స్ లేనందుకు పెనాల్టీ 500, దాని మీద 18 శాతం జీఎస్టీ 90. బ్రాంచిలో అడిగితే ‘సిస్టమే కట్ చేసిందండీ’ అంటారు. లాయర్ ఫీజుకే వేలల్లో అవుతుంది, 590 కోసం కోర్టు ఎందుకని చాలామంది వదిలేస్తారు. కానీ వినియోగదారుల కమిషన్‌లో లాయర్ తప్పనిసరి కాదు. ఇలాంటి చిన్న కేసులకు ఫైలింగ్ ఫీజు కూడా లేదు.

అయితే, ‘ఛార్జీ చాలా ఎక్కువ వేశారు’ అని రాస్తే కేసు నిలవడం కష్టం. బ్యాంకు ఏ నియమం తప్పిందో చెప్పాలి. సేవింగ్స్ ఖాతాల మినిమమ్ బ్యాలెన్స్ విషయంలో రిజర్వు బ్యాంకు 2014 నవంబరులో ఇచ్చిన ఆదేశాలు 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం బ్యాలెన్స్ తగ్గిందని ముందు ఎస్సెమ్మెస్, ఈమెయిల్ లేదా ఉత్తరం ద్వారా తెలపాలి. సరిచేసుకోవడానికి కనీసం నెల గడువు ఇవ్వాలి. బ్యాలెన్స్ ఎంత తక్కువైందో దాన్ని బట్టే పెనాల్టీ ఉండాలి. ఈ పెనాల్టీల వల్లే ఖాతా మైనస్‌లోకి పోకూడదు. కాబట్టి మొదటి ప్రశ్న ఇదే: ‘నాకు ఏ తేదీన, ఎలా తెలియజేశారు?’

ఆ ప్రశ్న నోటిమాటగా కాదు, రాతపూర్వకంగా అడగండి. ఈమెయిల్ పంపి ఫిర్యాదు నంబరు తీసుకోండి, లేదా లేఖ ఇచ్చి కాపీ మీద బ్రాంచి ముద్ర వేయించుకోండి. ముద్ర వేయడానికి సతాయిస్తే అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టులో పంపేయండి. రేపు కేసులో మీకు పనికొచ్చేది ఈ కాగితమే.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అధికారి అంబుడ్స్‌మన్‌కు సీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. వివరాలకు ఫోన్ నంబరు 14448. చిన్న మొత్తాలకు ముందు ఈ దారి చూడటమే మేలని నా అభిప్రాయం. ఎందుకంటే అదే విషయం మీద ముందుగా కోర్టుకెక్కితే అంబుడ్స్‌మన్ తీసుకోరు. కాకపోతే కమిషన్‌కు వెళ్లే గడువు, సమస్య తలెత్తిన రోజు నుంచి రెండేళ్లు. మీరు ఉత్తరాలు రాస్తూ కూర్చున్నా ఆ గడువు ఆగదు.

కమిషన్‌లో దాఖలు చేయడానికి ఈ-జాగృతి పోర్టల్ ఉంది. మొబైల్ నంబరు, ఈమెయిల్‌తో రిజిస్టరై, జిల్లా కమిషన్‌ను ఎంచుకోవాలి. ఖాతా హైదరాబాద్‌లో తెరిచినా, బ్యాంకు హెడ్డాఫీసు ముంబైలో ఉన్నా, మీరు ఇప్పుడు ఒంగోలులో ఉంటే ప్రకాశం జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చిన పెద్ద వెసులుబాటు ఇది. సేవ కోసం మీరు చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే ఫీజు సున్నా. మీరు కోరే పరిహారంతో దీనికి సంబంధం లేదు.

జతచేయాల్సినవి తేదీలవారీ వివరాలతో ఫిర్యాదు, అఫిడవిట్ (ప్రమాణపత్రం), కోత పడిన పేజీ ఉన్న స్టేట్‌మెంట్ (బ్యాంకు ముద్రతో ఉంటే మరీ మంచిది), బ్యాంకుతో నడిపిన ఉత్తరాలు, గుర్తింపు కార్డు. చివర ఏం కావాలో అంకెలతో రాయండి: 590 వాపసు, దానిపై వడ్డీ, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు. 590 పోయినందుకు 5 లక్షల పరిహారం అడిగితే మీ మాటకే విలువ తగ్గుతుంది.

కరెంట్ ఖాతా ఉన్న వ్యాపారులకు ఒక చిక్కు ఉంది. వాణిజ్య అవసరాలకు తీసుకున్న సేవ అయితే వినియోగదారుగా ఒప్పుకోరు. సొంతంగా కష్టపడి బతుకుతెరువు కోసం నడిపే చిన్న దుకాణానికి మినహాయింపు కోరవచ్చు. అది మీకు వర్తిస్తే ఫిర్యాదులోనే స్పష్టంగా రాయాలి.

ఫిర్యాదును విచారణకు తీసుకున్నాక బ్యాంకుకు నోటీసు వెళ్తుంది. జవాబుకు 30 రోజులు, కమిషన్ అనుమతిస్తే మరో 15, అంతకుమించి లేదు. చట్టం మూడు నెలల్లో తేల్చాలంటుంది గానీ వాయిదాలకు సిద్ధపడే వెళ్లండి. ప్రతిసారీ వెళ్లలేకపోతే వీడియో ద్వారా హాజరు కోరవచ్చు. తీర్పు నచ్చకపోతే 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌లో అప్పీలు చేసుకోవాలి. గెలిచినా బ్యాంకు డబ్బు ఇవ్వకపోతే అదే జిల్లా కమిషన్‌లో అమలు పిటిషన్ వేయాలి.