టెంపరేచర్ ముల్లు పైకెక్కితే

మా నాన్న కొన్న ఏడు సీట్ల డీజిల్ బండికి ఇప్పుడు 19 ఏళ్లు. పోయిన వేసవిలో దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే ముల్లు ఎర్రగీతను తాకింది. ఏసీ కట్టేసి, ఇంజిన్ వేడి కొంత లాగేస్తుందని హీటర్ ఫుల్లుగా పెట్టి, నీడ చూసి పక్కకు ఆపాను. వెనక సీట్లోంచి అత్తయ్య మూత తీసి నీళ్లు పొయ్యమని ఒకటే గోల. వేడి మీద రేడియేటర్ మూత తియ్యకూడదు, మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి. ముప్పావు గంట ఆగాం.

ఎప్పుడు వేడెక్కుతోందో ముందు గమనించండి. ట్రాఫిక్‌లో ఎక్కి, హైవే మీద దిగితే అనుమానం ఫ్యాన్ మీదే. ఎలక్ట్రిక్ ఫ్యానైతే ఫ్యూజు, రిలే, మోటారు చూడండి. స్పీడులో, ఎత్తు మీద వేడెక్కితే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గిందేమో, రేడియేటర్ పూడుకుపోయిందేమో చూడాలి.

మా బండికి రేడియేటర్ పై హోస్ (రబ్బరు గొట్టం) కాలిపోతోంది, కింది హోస్ చల్లగా ఉంది. అనుమానం థర్మోస్టాట్ మీదికి పోయింది. ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌లోకి పారనిచ్చే వాల్వు అది. ఇంజిన్ చల్లారాక దాన్ని విప్పి, గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాను. మామూలుగా 80-90 డిగ్రీల మధ్య తెరుచుకోవాలి. నీళ్లు కుతకుతలాడినా వాల్వు వెంట్రుకవాసి కూడా కదల్లేదు! "అది లేకుండానే నడిపెయ్ అన్నా" అన్నాడు మెకానిక్. వినలేదు. అది లేకపోతే ఇంజిన్ సరిగ్గా వేడెక్కక డీజిల్ ఎక్కువ తాగుతుంది. కొత్తది వేశాను.

బోరు నీళ్లు పొయ్యకండి, లోపల సున్నం పేరుకుంటుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలపండి. డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) మీద ఆయిల్ పాలటీ రంగులో కనిపిస్తే మాత్రం, అందులో కూలెంట్ కలిసి ఉండొచ్చు, స్టార్ట్ చెయ్యకుండా బండిని షెడ్డుకు లాగించండి.