గొర్రె కడుపులో ఊరు – 4వ పాఠం: పొట్టరసం నీలిరంగును ఎంతసేపట్లో పోగొడుతుంది?

పోయిన పాఠంలో మేత పట్టిక రాశాం. తాండూరు రేగడిలో మందకు కందిపొట్టు దొరుకుతుంది, పాలమూరు చెల్కల్లో ఎండుగడ్డి, తుమ్మకాయ. నేలను బట్టి మేత, మేతను బట్టి పెద్దపొట్టలో (రూమెన్, మేసిన గడ్డి ముందుగా పులిసే అర) బాక్టీరియా పాళ్లు. 2015లో 35 దేశాల నుంచి 742 నమూనాలు పోల్చి చూస్తే ముఖ్యమైన గుంపులు దాదాపు అన్నిచోట్లా అవే. పాళ్లను ఎక్కువగా మార్చింది మేత, ఆ తర్వాత జంతువు. అచ్చంగా ఊరే తేల్చిన సంగతీ ఒకటుంది. సుబాబుల్ మేసి ఆస్ట్రేలియా పశువులు జబ్బుపడుతుంటే హవాయి మేకలు హాయిగా నెమరేసేవి. సుబాబుల్‌లోని విషాన్ని విరిచే బాక్టీరియా హవాయి మేకల పొట్టలో ఉంది, ఆస్ట్రేలియా పశువుల్లో లేదు. హవాయి మేకల పొట్టరసం తెచ్చి పోస్తే అక్కడా విషం విరిగింది.

ఇక పని. జియాగూడ మండీకి రకరకాల జిల్లాల గొర్రెలు వస్తాయి కాబట్టి హైదరాబాదులో నమూనాకు కరువు లేదు. కబేలాలో ముందే అనుమతి అడగండి. చేతికి గ్లవుజులు తప్పనిసరి. ఫ్లాస్కులో 40 డిగ్రీల నీళ్లు పోసి ఉంచి, పొట్ట కోసే క్షణాన పారబోయండి. రసాన్ని నాలుగు మడతల పల్చటి నూలుగుడ్డలో పిండి, ఫ్లాస్కు మూతి దాకా నింపండి. ఖాళీ ఉంచితే గాలి చేరుతుంది, ఈ బాక్టీరియాకు గాలి పడదు.

మొదట పీహెచ్ పేపరు (రసం పులుపును అంకెలో చూపే కాగితం), అదీ అక్కడే. ఆలస్యమైతే బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోయి అంకె పైకి జరుగుతుంది. గడ్డి మేసిన గొర్రెకు 6.2 నుంచి 7 లోపు ఉండాలి.

తర్వాత మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు. బాక్టీరియా ఎంత చురుగ్గా ఉంటే ఆ నీలం అంత త్వరగా పోతుంది. 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 30 మి.గ్రా. కలిపి ఉంచుకోండి. రెండు గాజు గొట్టాల్లో 20 మి.లీ. చొప్పున రసం పోసి, ఒకదాంట్లోనే 1 మి.లీ. రంగు వేసి, రెండింటినీ 39 డిగ్రీల నీళ్లలో నిలబెట్టండి. చలికాలం పొద్దున బల్లమీద వదిలేస్తే మంచి రసం కూడా మందకొడిగా కనిపిస్తుంది. నీలం పోయి రెండో గొట్టం రంగులోకి వచ్చేసరికి 3–6 నిమిషాలైతే బాక్టీరియా చురుకు. 8 దాటితే అనుమానం. పైన గాలి తగిలేచోట సన్నటి నీలి గీత మిగులుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

అందరూ బోల్తాపడేది ఇక్కడే. పాలమూరు గొర్రెకు పన్నెండు నిమిషాలు పట్టిందని "అక్కడి బాక్టీరియా బలహీనం" అని రాసేస్తారు. అది రాత్రంతా లారీలో, పొద్దున్నంతా మండీలో పస్తులున్న గొర్రె. పస్తుకు పీహెచ్ 7 దాటుతుంది, బాక్టీరియా నీరసిస్తుంది. మీరు కొలిచింది ఊరిని కాదు, లారీని. అందుకే పట్టికలో "చివరి మేత ఎన్ని గంటల కింద" అని ఒక గడి గీయండి. పస్తు గంటలు సమానంగా ఉన్నవాటినే పోల్చండి. బేరగాడిని అడిగితే ఇప్పుడే మేసిందంటాడు, తోలుకొచ్చిన కుర్రాడిని అడగండి.

మిగిలిన రసంలో 2 మి.లీ. చిన్న సీసాలో పోసి, పెన్సిలుతో చీటీ రాసి, మైనస్ 20లో పెట్టండి. అందులో ఎవరెవరున్నారో డీఎన్ఏతో చూడటం వచ్చే పాఠం. కరెంటు పోయి సీసా కరిగిందా, మళ్లీ గడ్డకట్టించొద్దు, పారేయండి.