యాప్ అడిగే యంత్రాలు – 3వ పాఠం: ఓటీపీ ఎవరికి పోతోంది?

వాషింగ్ మిషన్ లాంటి ఇంటి మిషన్ మీది బటన్లతో ఏ పనులు అవుతాయో, యాప్ లేనిదే ఏవి కావో పోయిన పాఠంలో రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఈసారి మిషన్‌ను ఇంటి వైఫైకి కలుపుదాం. అంతకంటే ముందు మా పెద్దమ్మ సంగతి చెప్పాలి.

ఆమె ఉండేది హనుమకొండ వడ్డేపల్లిలో. బోరు నీళ్లకు వాషింగ్ మిషన్ డ్రమ్ములో తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. డ్రమ్ము కడిగే ప్రోగ్రామ్‌కు ఆ మోడల్లో బటన్ లేదు, యాప్‌లోనే ఉంది. డాలస్‌లో ఉండే అన్నయ్య ఎండాకాలం వచ్చినప్పుడు తన నంబరుతో ఖాతా తెరిచి వెళ్లాడు. పెద్దమ్మ తన ఫోన్లో యాప్ తెరిస్తే ఓటీపీ ఆయనకు పోతుంది. ఇక్కడ పొద్దున పదయితే అక్కడ అర్ధరాత్రి కావస్తుంటుంది. ‘వాణ్ని నిద్రల లేపుడెందుకు బిడ్డా’ అని మూడు నెలలు డ్రమ్ము కడగలేదు. బట్టలు వాసన వస్తుంటే మళ్లీ చేత్తో పిండుకుంది. మోకాళ్ల నొప్పులతో ఆమె బండ మీద బట్టలుతకడం చూసి నాకు కడుపులో దేవినట్టయింది.

అందుకే ఖాతా ఎప్పుడూ మిషన్ వాడే మనిషి నంబరుతోనే తెరవండి. చాలా యాప్‌లలో దూరాన ఉన్న పిల్లలను తర్వాత సభ్యులుగా చేర్చవచ్చు. ఇప్పటికే వేరేవాళ్ల పేరున ఉంటే, ముందు వాళ్ల ఫోన్లోని యాప్‌లో మిషన్‌ను తీసేయించండి. కొన్ని కంపెనీల మిషన్లు రీసెట్ చేసినా పాత ఖాతాను వదలవు.

ఇక కలపడం. రూటర్లు, అంటే ఇంటికి వైఫై ఇచ్చే పెట్టెలు, ఎక్కువగా రెండు వైఫైలు ఇస్తాయి: 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. ఇంటి మిషన్లలో చాలావాటికి 2.4 మాత్రమే తెలుసు. అది గోడలు దాటి పెరటి వైపు కూడా కొంత బాగా అందుతుంది. కాబట్టి ఫోన్‌ను ముందు 2.4కు మార్చండి. మిషన్ మీద వైఫై గుర్తున్న బటన్‌ను లైటు మిణుకుమనేదాకా నొక్కి పట్టండి.

ఇక్కడే అందరికీ టెన్షన్. మిషన్ కాసేపు తానే ఒక చిన్న వైఫై అవుతుంది. ఫోన్ దానికి కలిసి, మన ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డ్ చెవిలో చెప్పినట్టు అందిస్తుంది. ఆ చిన్న వైఫైలో ఇంటర్నెట్ ఉండదు కనుక, ‘ఇంటర్నెట్ లేదు, మార్చమంటారా?’ అని ఫోన్ అడుగుతుంది. వద్దనండి. ఫోన్ తనంతట తానే మారిపోతుంటే మొబైల్ డేటా ఆపి మళ్లీ మొదలుపెట్టండి.

లొకేషన్ అడిగితే ఇవ్వండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అది లేకుంటే యాప్‌కు చుట్టుపక్కల వైఫైలు కనిపించవు. పని అయ్యాక తీసేయవచ్చు. కాంటాక్టులు మాత్రం ఇవ్వకండి, బట్టలుతకడానికి వాటితో పనేమీ లేదు.

ఈ వారం పని: ఇంట్లో ఏ మిషన్ ఎవరి నంబరు మీద ఉందో ఆ కాగితం వెనుక రాయండి. వచ్చే పాఠంలో, రూటర్ మార్చినా మిషన్లను మళ్లీ కలపాల్సిన పని లేకుండా పాత వైఫై పేరు, పాస్‌వర్డ్ ఎలా పెట్టుకోవాలో చూద్దాం.